వదిలేశాడా, వదులుకున్నాడా?

అందరికీ నమస్కారం. ఒకే ఒక్క క్రియాపదం మీద పది రోజులుగా మా ఇంట్లో చర్చ తెగడం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను. కాస్త కథ చెప్పకపోతే ప్రశ్న అర్థం కాదు, ఓపిగ్గా చదవండి.

అమ్మకు ఇంగ్లిష్ రాదు. రాత్రి భోజనాలయ్యాక నేను చూసే సీరియల్ తనూ చూస్తుంది. మధ్యమధ్యలో ఆపి నేను తెలుగులో చెబుతుంటాను. ఇప్పుడు చూస్తున్నది ‘వన్స్ అపాన్ ఎ టైమ్’. నేను ఇదివరకు చూసిందే, అమ్మకు మొదటిసారి. అమెరికాలో ఏబీసీ ఛానల్‌లో 2011లో మొదలై 2018 దాకా ఏడు సీజన్లు నడిచింది. స్నోవైట్, పినోకియో లాంటి కథల్లోని మనుషులంతా ఒక శాపం వల్ల తామెవరో మర్చిపోయి, స్టోరీబ్రూక్ అనే చిన్న ఊళ్ళో 28 ఏళ్ళు మామూలు మనుషుల్లా బతుకుతారు.

అందులో రంపెల్‌స్టిల్ట్‌స్కిన్ ఉన్నాడు. గ్రిమ్ సోదరుల కథలో గడ్డిని బంగారంగా వడికి, బదులుగా మొదటి బిడ్డను అడిగేవాడు ఇతనే. సీరియల్‌లో ఇతను మొదట ఒక పేద నూలు వడికేవాడు. యుద్ధం నుంచి కుంటికాలుతో వచ్చాడని ఊరంతా పిరికివాడంటుంది. పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలను రాక్షసులతో యుద్ధానికి పట్టుకుపోతున్నారు. కొడుకు బేల్‌ఫైర్ వంతు వచ్చేసరికి, వాణ్ణి కాపాడుకోవడానికి ఒక మంత్రాల కత్తి సంపాదించి, డార్క్ వన్ అనే మాంత్రికుణ్ణి చంపి, ఆ శక్తి తను తీసుకుంటాడు. ఆ శక్తంతా కత్తికి కట్టుబడి ఉంటుంది, కత్తి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు చెప్పినట్టు వినాలి. అమ్మ వెంటనే “మాయలఫకీరు చిలకలాగా” అంది. సరిగ్గా అదే కాదు గానీ దగ్గరిదే.

శక్తి వచ్చాక తండ్రి మారిపోతాడు. కొడుక్కి భయం వేస్తుంది. మంత్రాలే లేని లోకానికి వెళ్ళిపోదామని తండ్రి దగ్గర మాట తీసుకుంటాడు. నీలి దేవత ఇచ్చిన గింజ నేలమీద వేస్తే సుడిలా గొయ్యి తెరుచుకుంటుంది. కొడుకు లోపలికి జారుతుంటాడు. తండ్రి ఒక చేత్తో నేలలో దిగిన కత్తిని, ఇంకో చేత్తో కొడుకు చేతిని పట్టుకుని వేలాడుతుంటాడు. రమ్మని వాడు బతిమాలుతుంటాడు. చెయ్యి విడిపోతుంది. గొయ్యి మూసుకుపోయాక ఆ తండ్రి నేలను గోళ్ళతో తవ్వుతూ ఏడుస్తాడు.

మొదటి సీజన్ 19వ ఎపిసోడ్ ఇది. అక్కడ ఆపి, “కొడుకు చెయ్యి వదిలేశాడు” అని చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు. “జారిందేమో, మళ్ళీ పెట్టు” అంది. పెట్టాను. జారలేదు. “అయితే వదులుకున్నాడు, పాపం” అంది.

ఆ రెండు మాటల మధ్య నేను ఇరుక్కుపోయాను. ఇంగ్లిష్‌లో ‘లెట్ గో’ అంటే సరిపోతుంది. వేళ్ళు విచ్చుకున్నాయని చెబుతుంది, ఎందుకు విచ్చుకున్నాయో చెప్పదు. ఆ ‘ఎందుకు’ మీదే అభిమానులు ఏళ్ళతరబడి వాదించుకున్నారు. భయమా? శక్తి మీద ఆశా? ఆ క్షణంలో ఏమీ తోచలేదా? తెలుగులో నేను ‘వదిలేశాడు’ అన్నా, ‘వదులుకున్నాడు’ అన్నా తీర్పు చెప్పేసినట్టే. ‘చెయ్యి వదిలాడు’ అని ఊరుకోవచ్చు. కానీ అలా చెబితే కన్నకొడుకు గోతిలో పడుతున్నట్టు ఉండదు, తాడు కొస వదిలినట్టు ఉంటుంది.

నాకు తోచింది ఇది. ‘సిగరెట్లు వదిలేశాడు’ అంటాం. ‘సిగరెట్లు వదులుకున్నాడు’ అని ఎవరమూ అనం. ‘పిల్లల కోసం ఉద్యోగం వదులుకున్నాను’ అన్న తల్లి మాటలో ఆ ఉద్యోగం ఆమెకు ఎంత ఇష్టమో ఉంది. ‘ఉద్యోగం వదిలేశాను’లో అది లేదు. అంటే వదులుకోవాలంటే ఆ వస్తువు మనకు విలువైనదై ఉండాలి, పోయాక నష్టం మనదే కావాలి. ‘కొను’ చేసే పని అదే, ఫలితాన్ని చేసినవాడి వైపు తిప్పడం. వండాడు, వండుకున్నాడు. ‘వేయు’ చేరితే ఇంకో రకం. చెప్పేశాడు, పారేశాడు, తినేశాడు. పని అయిపోయింది, వెనక్కి తీసుకునేది లేదు.

కాబట్టి ‘వదులుకున్నాడు’ అనగానే ఆ క్షణంలో కూడా కొడుకు అతనికి ప్రాణమే అని అమ్మ ఒప్పేసుకుంది. నేను ‘వదిలేశాడు’ అనగానే అది ఒప్పుకోనట్టయింది. మీరైతే ఏమంటారు?

వ్యాఖ్య: మాది కరీంనగర్ వైపు. మా దగ్గర ఇంత గొడవ లేదండీ. ‘చెయ్యి ఇడిసిపెట్టిండు’ అంటం. జాతరలో పిల్లగాని చెయ్యి ఇడిసిపెట్టినా అదే మాట, పెండ్లాన్ని ఇడిసిపెట్టినా అదే మాట. విడాకుల పత్రాన్ని పాతవాళ్ళు ఇడుపుకాగితం అనేటోళ్ళు. అన్నింటికీ ఒకటే క్రియ, కోపమో జాలో చెప్పేటోని గొంతులో తెలుస్తది. మీ అమ్మగారికి ఆ మాట చెప్పి చూడండి.

వ్యాఖ్య: వేమన ఎప్పుడో చెప్పాడు కదా, ‘పట్టు పట్టరాదు పట్టి విడువరాదు’ అని. పట్టి విడవడం కన్నా చావే మేలన్నాడు. ఇక్కడ క్రియ విడుచు. నా ఓటు ‘విడిచిపెట్టాడు’కి.

జవాబు: వేమన పద్యం నాకూ గుర్తొచ్చిందండీ. కానీ ఆ తండ్రికి రెండు చేతుల్లో రెండు పట్లు ఉన్నాయి. కత్తిని వేమన చెప్పినట్టే బిగియబట్టాడు. ఆ పట్టే రెండో పట్టును విడిపించింది. ‘విడిచిపెట్టు’తో నాకున్న ఇబ్బంది వేరే. అందులో బంధించినవాణ్ణి పోనిచ్చిన ధ్వని కూడా ఉంది. పోలీసులు విడిచిపెట్టారు, పక్షిని విడిచిపెట్టాడు. ఇక్కడ పిల్లవాడు పోనివ్వమనలేదు, తనతో రమ్మన్నాడు.

వ్యాఖ్య: ‘చేజార్చుకున్నాడు’ సరిపోదా? నష్టం ఉంది, పశ్చాత్తాపం ఉంది, చెయ్యి కూడా మాటలోనే ఉంది. మీ అమ్మగారికి కూడా మొదట జారిందనే కదా అనిపించింది.

జవాబు: మంచి మాటండీ, అందులో అతని దుఃఖం బాగా పలుకుతుంది. అయితే చేజార్చుకునేది ఎక్కువగా అవకాశాన్ని, గెలిచే మ్యాచ్‌ని. అజాగ్రత్త వల్ల పోయిందన్న అర్థం బలంగా ఉంటుంది. అతను అజాగ్రత్తగా లేడు. తర్వాత తనకు తాను చెప్పుకోవడానికి అతనికి బాగా పనికొచ్చే మాట అది. అందుకే నేను చెప్పేటప్పుడు వాడటానికి మనసొప్పడం లేదు.

వ్యాఖ్య: ఒక చిన్న పరీక్ష. ‘పొరపాటున చెయ్యి వదిలేశాడు’ అనవచ్చు. ‘పొరపాటున చెయ్యి వదులుకున్నాడు’ అని చూడండి, అతకదు. వదులుకోవడానికి తెలివిడి కావాలి. మీ అమ్మగారు ‘పాపం’ అని జాలితో వాడిన మాటే, నిజానికి అతను తెలిసే చేశాడంటోంది.

వ్యాఖ్య: పై వ్యాఖ్యతో ఏకీభవించలేను. ‘మంచి సంబంధం తెలియక వదులుకున్నారు’ అంటాం కదా?

వ్యాఖ్య: అంటామండీ. అక్కడ తెలియనిది సంబంధం విలువ. వద్దని చెప్పిన సంగతి వాళ్ళకు తెలుసు. చేసిన పని తెలుసు, పోయినదాని బరువు తర్వాత తెలిసింది. ఆ తండ్రి గోళ్ళతో నేల తవ్వడం కూడా అంతే కదా.

జవాబు: ఈ మూడు వ్యాఖ్యలూ అమ్మకు చదివి వినిపించాను. జాలి మాటలోనే తప్పు కూడా ఉందంటే చాలాసేపు ఆలోచనలో పడింది. నాకైతే ఈ చర్చలో దొరికిన పెద్ద లాభం ఇదే. ‘వదిలేశాడు’ కఠినమైన మాట, ‘వదులుకున్నాడు’ మెత్తని మాట అనుకుంటూ వచ్చాను. బాధ్యత ఎక్కువ మోపేది రెండోదే.

వ్యాఖ్య: చెయ్యి, పట్టు అంటున్నారు గనుక పోతన గారిని తలవకుండా ఉండలేను. గజేంద్రుడి మొర విని విష్ణువు వైకుంఠం నుంచి బయలుదేరే ‘సిరికిం జెప్పఁడు’ పద్యం. లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతికి తీసుకోడు, చివరికి ‘చేలాంచలమైన వీడఁడు’. పట్టుకున్న ఆమె కొంగు కూడా వదలకుండానే వచ్చేస్తాడు. అక్కడ చెయ్యి వదలకపోవడం ప్రేమ వల్ల కూడా కాదు, వదలాలన్న సంగతే తోచలేదు. ఎందుకో పోతన దాచలేదు. పద్యం చివర ఒక్క సమాసం, ‘గజప్రాణావనోత్సాహియై’. ఏనుగు ప్రాణం కాపాడాలన్న తొందర. చెయ్యి ఏం చేసిందో, మనసులో ఏముందో ఒకే పాదంలో తెలిసిపోతుంది. మీ సీరియల్‌వాళ్ళు చేతిని చూపించి సమాసం దాచిపెట్టారు.

జవాబు: ఎంత చక్కగా చెప్పారండీ! దాచిపెట్టడం దగ్గర ఒక్క మాట. వాళ్ళు ఒకసారి కాదు, వరసగా దాచుతూ వచ్చారు. మొదటి సీజన్ చూసినవాళ్ళకు అతని కాలు కుంటిది ఎందుకైందో తెలియదు, యుద్ధానికి భయపడి పారిపోయి వచ్చాడని ఊరివాళ్ళు అనేదే తెలుసు. రెండో సీజన్‌లో, 2013లో వచ్చిన ‘మన్‌హాటన్’ ఎపిసోడ్‌లో అసలు సంగతి వస్తుంది. నీకు కొడుకు పుడతాడు, రేపు యుద్ధభూమిలో నువ్వు చేసే పని వల్ల వాడు తండ్రి లేనివాడవుతాడు అని జోస్యం చెప్పే పిల్ల ఒకతె అతనికి చెబుతుంది. తను చస్తానని అర్థం చేసుకుని, సుత్తితో తన కాలు తనే విరగ్గొట్టుకుని ఇంటికి వస్తాడు. దాంతో పిరికివాడన్న పేరు, భార్య వెళ్ళిపోవడం, కత్తి, గొయ్యి. జోస్యం ఇంకో దారిలో నిజమైంది. అది చూశాక 19వ ఎపిసోడ్‌ని చాలామంది మళ్ళీ కొత్తగా చదువుకున్నారు. పిల్లవాడికి తండ్రి ఉండాలని కాలు విరగ్గొట్టుకున్నవాడే వాడి చెయ్యి వదిలాడు.

వ్యాఖ్య: నేను ఈ సీరియల్ మొత్తం చూశాను. తెలుగులో మూడో మాట ఉంది, దాన్ని మీరంతా వదిలేశారు: వదిలించుకున్నాడు. అది రంపెల్‌స్టిల్ట్‌స్కిన్‌కి కాదు, అతని తండ్రికి. మూడో సీజన్‌లో అతని తండ్రి నెవర్‌ల్యాండ్ అనే మాయలోకంలో మళ్ళీ కుర్రవాడు కావాలనుకుంటాడు. కొడుకు ఉంటే అది కుదరదు. వాణ్ణి ఒక నీడకు అప్పగించి, ఎప్పటికీ పెద్దవాడు కాని పీటర్ పాన్ అయిపోతాడు. అక్కడ ‘వదులుకున్నాడు’ అని ఎవరైనా అంటారా? ‘కొను’ రెండింటిలోనూ ఉంది. ఒకచోట నష్టం చేసినవాడికి తగిలింది, ఇంకోచోట లాభం.

జవాబు: ఈ వ్యాఖ్య చదివాక నాకు దారి దొరికింది. తండ్రి వదిలించుకున్నాడు, కొడుకు వదులుకున్నాడు. రెండు తరాలు, చూడటానికి ఒకటే పని, మధ్యలో ‘ఇంచు’ తేడా. ఇంగ్లిష్‌లో రెండుచోట్లా ‘లెట్ గో’ అనేసి ఊరుకోవచ్చు. మనం ఊరుకోలేం.

అయితే ఇంకో సంగతి మిగిలింది. ఆ మాట ఎవరి నోట వస్తోంది? ఈ సీరియల్ నిండా చేతులు విడిపోయిన తల్లిదండ్రులూ పిల్లలే. స్నోవైట్, ఆమె భర్త కలిసి తమ కూతురు ఎమ్మాను, ఆమె పుట్టిన రోజే, శాపం తగలకుండా ఒక మంత్రపు బీరువాలో పెట్టి వేరే లోకానికి పంపేస్తారు. వాళ్ళను అడిగితే ‘వదులుకున్నాం’ అంటారు. 28 ఏళ్ళు అనాథగా పెరిగిన ఎమ్మా ‘రోడ్డు పక్కన వదిలేశారు’ అంటుంది. ఎవరి తెలుగూ తప్పు కాదు. ఆ ఎమ్మాయే జైల్లో ఉండగా కన్న కొడుకుని దత్తత ఇచ్చేస్తుంది. పదేళ్ళ తర్వాత వాడు వచ్చి తలుపు కొడతాడు.

ఇంతకాలం పాత్ర మనసులో ఏముందో వెతికాను, క్రియ మాట్లాడేవాడి మనసు కూడా చెబుతుందని మర్చిపోయాను. పిల్లలకు ‘వదులుకున్నారు’ అనే అవసరం లేదు. వాళ్ళ వైపు నుంచి చూస్తే చెయ్యి ఖాళీ, అంతే. అందుకే ‘మన్‌హాటన్’లో పెద్దవాడైన బేల్‌ఫైర్ తండ్రికి ఎదురుపడినప్పుడు అమ్మకు ‘నన్ను వదిలేశావు’ అనే చెబుతాను. తండ్రి నోట మాత్రం ‘నిన్ను వదులుకున్నాను’ అని పెడతాను. తెలిసే చేశానని ఒప్పుకున్నట్టు కూడా అవుతుంది.

ఇక గొయ్యి దగ్గర కథ చెప్పే నేను ఏమనాలి? అది అమ్మ తేల్చింది. నిన్న రాత్రి ఆ ఐదు నిమిషాలు మళ్ళీ పెట్టమంది. ఈసారి కొడుకు చేతిని చూడలేదు, రెండో చేతినే చూస్తూ కూర్చుంది. అయిపోయాక అంది: “కత్తి వదల్లేకపోయాడు. అలా చెప్పు నాన్నా, చాలు.”