గుంటూరులో మూడు కంప్యూటర్లు, ఒకటే రౌటర్: డాలస్ నుంచి ఎలా కనెక్ట్ అవ్వాలి?

కొత్తగా డాలస్:
నమస్తే అండీ. బ్రాడీపేటలో మా నాన్నగారి అకౌంట్స్ ఆఫీసు ఇంట్లోనే ఉంది. అక్కడి మూడు కంప్యూటర్లలో రెండిటికి విండోస్ ప్రో, ఒకదానికి హోమ్. దూరం నుంచి ఆ స్క్రీన్ వాడుకునే రిమోట్ డెస్క్‌టాప్‌కి 3389 పోర్టు (బయటి నుంచి లోపలికి వచ్చే నంబరు ద్వారం) ఒక కంప్యూటర్‌కే ఇవ్వగలం కదా, మిగతా రెండింటి సంగతేంటి? ట్యాలీ చూసుకోవాలి.

పటమట:
బాబూ, బయట పోర్టు, లోపల పోర్టు ఒకటే కానక్కర్లేదు. ముందు రౌటర్లో డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌కి (ఏ కంప్యూటర్‌కి ఏ ఐపీ అడ్రస్ అని రాసిపెట్టే చోటు) వెళ్లి, మ్యాక్ అడ్రస్ (కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డుకి ఉండే నంబరు) ప్రకారం ఒక్కోదానికి ఐపీ ఖాయం చెయ్యి: 192.168.1.11, 192.168.1.12. ఇది చేయకపోతే కరెంటు పోయి వచ్చాక ఐపీలు తారుమారై, నాన్నగారి కంప్యూటర్ బదులు ఇంకోటి తెరుచుకుంటుంది. తర్వాత పోర్ట్ ఫార్వర్డింగ్‌లో బయట 3390ని 11 తాలూకు 3389కి, 3391ని 12 తాలూకు 3389కి కలుపు. హోమ్ ఎడిషన్ రిమోట్ డెస్క్‌టాప్‌ని లోపలికి రానివ్వదు, దానికి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకో.

అరండల్‌పేట:
పటమట అన్నగారూ, పోర్టులు తెరవమని చెప్పకండి, దండం పెడతాను. నంబర్ మార్చినంత మాత్రాన దాక్కున్నట్టు కాదు. అన్ని పోర్టులూ తట్టి చూసే ప్రోగ్రాములు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. 2019లో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు పాత విండోస్‌లలో పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా లోపలికి వచ్చే వీలుండేది. జనం ఖాతాల లెక్కలున్న ఆఫీసు అది.

తమ్ముడూ, ముందు రౌటర్ స్టేటస్ పేజీలో వ్యాన్ ఐపీ, అంటే బయటి నెట్ వైపు అడ్రస్ చూడు. 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే నీది సీజీనాట్. అంటే ఒక పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నారు, నువ్వెన్ని పోర్టులు తెరిచినా బయటి నుంచి ఏదీ రాదు. కస్టమర్ కేర్ వాళ్లని అడిగితే "అన్నీ ఓపెన్‌గానే ఉన్నాయి సార్" అంటారు. ఆ మాట పట్టుకుని రోజులు పోగొట్టుకోకు, ఐపీ నువ్వే చూసుకో.

పటమట:
సీజీనాట్ అయితే స్టాటిక్ ఐపీ కొనుక్కోవచ్చు. డబ్బు కట్టేవాడికి దారి లేదంటే ఎలా? విండోస్ అప్‌డేట్లు చేసుకుని, ఏ ఐపీ నుంచి రావచ్చో ఫైర్‌వాల్లో పరిమితి పెట్టుకుంటే చాలు.

అరండల్‌పేట:
డాలస్‌లో ఇతని ఐపీ కూడా మారుతుంది కదండీ, అప్పుడు తన ఆఫీసుకి తనే బయటివాడవుతాడు.

కొత్తగా డాలస్:
నాన్నతో చూపించాను. 100.72 అని ఉందండీ.

అరండల్‌పేట:
అయితే టెయిల్‌స్కేల్ (మన కంప్యూటర్లను నెట్ మీద ఒక సొంత నెట్‌వర్క్‌లా కలిపే యాప్) వేసుకో. మూడు కంప్యూటర్లలోనూ, నీ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే అకౌంట్‌తో లాగిన్ అవ్వు. ఒక్కోదానికి 100తో మొదలయ్యే సొంత అడ్రస్ వస్తుంది, ఇక రౌటర్ ముట్టుకోనక్కర్లేదు. ఆఫీసు కంప్యూటర్లలో "రన్ అన్‌అటెండెడ్" టిక్ పెట్టు, లేకపోతే ఎవరూ లాగిన్ కాకపోతే అది కనెక్ట్ అవ్వదు. అడ్మిన్ పేజీలో ఆ మూడింటికీ కీ ఎక్స్‌పైరీ (లాగిన్ గడువు) ఆపు. మామూలుగా 180 రోజులకు గడువు తీరుతుంది, అప్పుడు నువ్వు డాలస్‌లో కూర్చుని ఏమీ చేయలేవు.

రిమోట్ డెస్క్‌టాప్‌కి పిన్ పనికిరాదు, పాస్‌వర్డే కావాలి. ఖాళీ పాస్‌వర్డ్ ఉన్నా రానివ్వదు. నువ్వు లోపలికి వెళ్లగానే అక్కడి స్క్రీన్ లాక్ అవుతుంది. వేసవిలో నీకు రాత్రి 11:30 అంటే వాళ్లకి ఉదయం 10, ఆఫీసు తెరిచే వేళ. నాన్నగారికి ముందే ఫోన్ చెయ్యి.

సత్యనారాయణపురం:
ఇద్దరూ కరెంటు సంగతి వదిలేశారు. బయోస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల పేజీ) "రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్"ని పవర్ ఆన్‌కి మార్చించండి, విండోస్‌లో స్లీప్ తీసేయండి. ఫైబర్ డబ్బాకీ రౌటర్‌కీ చిన్న యూపీఎస్ పెట్టించండి. ఆగి ఉన్న కంప్యూటర్‌ని నెట్‌వర్క్ ద్వారా లేపే వేక్ ఆన్ ల్యాన్ సిగ్నల్ టెయిల్‌స్కేల్ గుండా నేరుగా వెళ్లదు, అందుకని ఒక కంప్యూటర్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచి, దాన్నుంచి మిగతా రెండింటినీ లేపుకోండి. వాటికి వైఫై కాదు, కేబులే వేయించండి.