అసైలం వేస్తే వర్క్ పర్మిట్ వస్తుందట, వేయమంటారా?

దేవరకొండ నుంచి:

అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర పల్లె. పోయిన ఆగస్టులో ఎమ్మెస్‌కి టెక్సస్ వచ్చాను. నాయిన రెండెకరాలు తాకట్టు పెట్టి, మిగతాది బ్యాంకు లోన్ తీసుకుని పంపించాడు. క్యాంపస్ జాబ్ దొరకలేదు, బయట చేయాలంటే భయం, వచ్చే సెమిస్టర్ ఫీజుకి దారి కనిపించట్లేదు. ఇక్కడ మన తెలుగాయన ఒకాయన కన్సల్టెన్సీ నడుపుతాడు. అసైలం (సొంత దేశంలో ప్రాణభయమని ఇక్కడ శరణు అడగడం) వేస్తే ఆరు నెలల్లో వర్క్ పర్మిట్ వస్తుంది, కథ మేమే రాసిస్తాం, నువ్వు బట్టీ పడితే చాలు అంటున్నాడు. నాలుగు వేల డాలర్లు. అమెరికాలో దిగిన ఏడాది లోపే వేయాలట, అందుకని రోజూ ఫోన్ చేసి తొందరపెడుతున్నాడు. మా కింది పోర్షన్‌లో అఫ్ఘాన్ కుటుంబం ఉంది, వాళ్లు కూడా అదే ఫారం వేసి హాయిగా పని చేసుకుంటున్నారు. మరి నేను వేస్తే తప్పేంటి? తిట్టకుండా చెప్పండి.

సూర్యాపేట నుంచి:

తిట్టను గానీ, 2019 ఫార్మింగ్టన్ యూనివర్సిటీ సంగతి నీకు తెలుసో లేదో. పని చేసుకోవచ్చు, క్లాసులకు పోనక్కర్లేదు అన్నారు. తీరా చూస్తే ఆ యూనివర్సిటీ నడిపిందే ఇక్కడి ఇమిగ్రేషన్ పోలీసులు. అరెస్టయినవాళ్లలో 129 మంది మన దేశం వాళ్లే, అందులో మన రెండు రాష్ట్రాల పిల్లలే ఎక్కువ. అప్పుడు కూడా మధ్యలో ఉన్నది మన తెలుగు ఏజెంట్లే. వద్దు తమ్మీ.

కొల్లాపూర్ నుంచి:

తమ్మీ, నేను ఇక్కడ రెఫ్యూజీ కుటుంబాలకు ఇల్లు, బడి, ఉద్యోగం చూసిపెట్టే ఆఫీసులో కేస్ వర్కర్‌ని. పాలమూరు ఉర్దూ ఎక్కడ పనికొస్తుందిలే అనుకునేదాన్ని, ఇప్పుడు నాకు అన్నం పెట్టేది అదే. ముందు నీ కింది పోర్షన్ వాళ్ల లాంటివాళ్ల గురించి చెప్తాను, తర్వాత నీ సంగతికి వస్తాను.

2021 ఆగస్టులో కాబూల్ తాలిబాన్ల చేతికి పోయినప్పుడు విమానాల్లో తీసుకొచ్చిన వేలమందికి రెఫ్యూజీ హోదా ఇవ్వలేదు, రెండేళ్ల పెరోల్, అంటే తాత్కాలికంగా ఉండనిచ్చే అనుమతి ఇచ్చారు. ఆ రెండేళ్లు ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, ఆ తర్వాత ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి. అందుకే చాలామంది ఐ-589 వేశారు, నీకు చెప్తున్న ఫారం అదే. దానికి రుజువులు జత చేయాలి. నేను చూసిన ఒకాయన అమెరికా సైన్యం దగ్గర దుబాసీగా చేశాడు. ఐడీ కార్డు, మెచ్చుకుంటూ ఇచ్చిన సర్టిఫికెట్లు, మేజర్‌తో దిగిన ఫొటో, అన్నీ ఇంట్లో పొయ్యిలో పెట్టి కాల్చేసి బయల్దేరాడు, ఎందుకంటే ఎయిర్‌పోర్టు దారిలో చెక్‌పోస్టు దగ్గర అవి దొరికితే ప్రాణం పోతుంది. ఇక్కడికొచ్చాక ఇంటర్వ్యూలో అడిగేది సరిగ్గా ఆ కాగితాలనే. కాలకుండా మిగిలింది ఒకే ఒక్క లేఖ, అది కూడా పాత ఈమెయిల్‌లో ఉండిపోయింది కాబట్టి. ఆయన భార్య అక్కడ స్కూల్లో లెక్కల టీచర్, ఇక్కడ హోటల్లో రోజంతా దుప్పట్లు మారుస్తుంది. ఆమె తల్లి కాబూల్‌లోనే ఉంది. బయటికి చూస్తే నీకు పొద్దున్నే బండెక్కి పనికి పోయే ఇద్దరు మనుషులే కనిపిస్తారు.

క్యాంపుల నుంచి వచ్చేవాళ్ల కథ వేరు. భూటాన్ నుంచి 1990 ప్రాంతంలో వెళ్లగొట్టిన నేపాలీ మాట్లాడే జనం నేపాల్‌లోని ఝాపా వైపు క్యాంపుల్లో వెదురు గుడిసెల్లో ఇంచుమించు ఇరవై ఏళ్లు ఉన్నారు, 2008 నుంచి గానీ ఇక్కడికి రావడం మొదలవలేదు. మయన్మార్‌లో 2017 ఆగస్టు తర్వాత ఏడు లక్షల మందికి పైగా రోహింగ్యాలు బంగ్లాదేశ్‌కి పరుగెత్తారు, ఇప్పటికీ ఎక్కువమంది ఆ టార్పాలిన్ల కిందే ఉన్నారు. అంత దూరం ఎందుకు, మన హైదరాబాద్‌లో బాలాపూర్ వైపు పోయి చూడు, ఐక్యరాజ్య సమితి ఇచ్చిన కార్డు జేబులో పెట్టుకుని కూలికి పోయే రోహింగ్యాలు కనిపిస్తారు. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కాబట్టి ఆ కార్డుతో అక్కడ ఒరిగేది తక్కువే. ప్రపంచం మొత్తం శరణార్థుల్లో ఏడాదికి నూటికి ఒక్కరికి కూడా ఇలా మూడో దేశంలో చోటు దొరకదు.

2025 జనవరిలో ఇక్కడ రెఫ్యూజీల రాక దాదాపు ఆపేశారు, అంతకుముందు దొరికినవాళ్లు ఎలా దిగేవాళ్లో చెప్తాను. ఎయిర్‌పోర్టులో కుటుంబాన్ని గుర్తుపట్టడానికి మాకు ఫొటో అక్కర్లేకపోయేది, చేతిలో ఐఓఎం (వాళ్ల ప్రయాణం చూసే ఐక్యరాజ్య సమితి వలసల సంస్థ) అని రాసిన తెల్ల ప్లాస్టిక్ సంచి ఉండేది. అందులో కాగితాలు, ఛాతీ ఎక్స్‌రేలు. నిద్రలో కూడా దాన్ని వదిలేవాళ్లు కాదు. విమానం టికెట్టు ఊరికే ఇచ్చింది కాదు, వడ్డీ లేని అప్పు, కొన్ని నెలలకే వాయిదాలు మొదలు. ఆఫీసు సాయం మొదటి 90 రోజులకే, ఆ లోపు ఉద్యోగం, బ్యాంకు ఖాతా, పిల్లల టీకాలు అన్నీ అయిపోవాల్సి వచ్చేది. బడిలో చేర్చేటప్పుడు క్లర్కు వింతగా చూసేది, ఇంట్లో సగం మంది పుట్టినరోజు జనవరి 1. పుట్టిన కాగితమే లేనివాళ్లకు అదే వేసేసేవాళ్లు. (మా నాయిన పుట్టినరోజు జులై 1, బళ్లో వేసేటప్పుడు సారు రాసింది. ఆయన దాని మీదే రిటైర్ అయ్యాడు.)

మాదీ ముంపు ఊరే. 1981లో శ్రీశైలం నీళ్లొచ్చినప్పుడు తాతోళ్లు ఇంటి దూలాలు పీక్కుని ఎడ్ల బండ్ల మీద పోయారు. నష్టపరిహారం కోసం తిరిగి తిరిగి ముసలోళ్లయ్యారు. అయినా నేనెప్పుడూ వాళ్లను రెఫ్యూజీలు అనను. వాళ్లను ఎవరూ చంపుతామనలేదు, దేశం దాటలేదు, ఎండాకాలం నీళ్లు తగ్గితే ఇప్పటికీ పోయి పాత ఊరు చూసొస్తాం. అసైలం అనేది ఆ దారి కూడా మూసుకుపోయినవాళ్ల కోసం పెట్టింది. అప్పులున్నాయనో పని దొరకలేదనో ఇచ్చేది కాదు.

వనపర్తి నుంచి:

అక్కా, చెప్పింది బాగుంది గానీ, వేరే రాష్ట్రాలవాళ్లు దర్జాగా వేసుకుంటున్నారు. నాకు తెలిసినవాళ్లే ఉన్నారు, ఎవరికీ ఏం కాలేదు. మనోళ్లే నీతులు చెప్పుకుంటూ కూర్చుంటారు. రెండెకరాలు పోతే ఆ పిల్లాడి నాయినకు మీరిస్తారా?

కొల్లాపూర్ నుంచి:

అన్నా, ఏం కాలేదంటే ఇంకా ఫైల్ తెరవలేదని. పెండింగ్‌లో పది లక్షలకు పైగా ఉన్నాయి, కొందరిని ఏళ్ల తర్వాత పిలుస్తారు, కొందరిని వారాల్లోనే పిలుస్తారు. 2012లో న్యూయార్క్‌లో ఇలాగే కథలు రాసిచ్చిన లాయర్లనూ వాళ్ల మనుషులనూ పట్టుకున్నారు. రాసిచ్చేవాడికి ఒకటే కథ ఉంటుంది, ఊరి పేరు మార్చి పదిమందికి ఇస్తాడు. ఆఫీసర్లు రోజంతా చదివేది అవే.

తమ్మీ, ఇంటర్వ్యూలో ఏమడుగుతారో చెప్తాను విను. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఫలానా సామాజిక వర్గం, ఈ ఐదింట్లో దేని వల్ల నిన్ను హింసించారు? పోలీసుల దగ్గరికి పోయావా? దేవరకొండలో భయమైతే హైదరాబాద్‌లోనో పుణేలోనో ఎందుకు ఉండలేవు? మన దేశం కేసులు ఎక్కువగా ఈ చివరి ప్రశ్న దగ్గరే పడిపోతాయి. స్టూడెంట్ వీసాకు చదువు అయిపోగానే వెనక్కి వస్తానని చెప్పావు, ఇప్పుడు తిరిగిపోతే చంపుతారంటున్నావు, రెండూ ఒకే ఫైల్లో ఉంటాయి. తెలిసీ అబద్ధపు అసైలం వేశావని తేలితే ఇక ఈ దేశంలో జీవితాంతం ఏ ఇమిగ్రేషన్ లాభమూ ఉండదు, రేపు పెళ్లి మీద వచ్చే గ్రీన్‌కార్డు కూడా. ఇంకోటి, కేసు నడుస్తుండగా ఇండియా పోతే వదులుకున్నట్టే లెక్క. నాయినకు ఒంట్లో బాగోలేదని ఫోన్ వస్తే ఏం చేస్తావు?

అట్లని మనవైపు ఎవరికీ నిజమైన భయం లేదని కాదు. 2018లో మిర్యాలగూడలో కులం దాటి పెళ్లి చేసుకున్నందుకు పట్టపగలు ఏం చేశారో అందరం చూశాం. అలాంటి బెదిరింపు నిజంగా ఉన్నవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఏడాది గడువు దాటకముందే నిజమైన లాయర్ దగ్గరికి పొండి, ఉచితంగా చేసే సంస్థలున్నాయి. వాళ్ల మాట ఆఫీసర్ నమ్మకపోవడానికి సగం కారణం ఈ కొనుక్కున్న కథలే.

దేవరకొండ నుంచి:

అర్థమైందక్కా. నాకు అలాంటి భయమేం లేదు. మరి ఫీజు ఎలా కట్టాలి?

హాలియా నుంచి:

నేను చెప్తా. మొదటి అకడమిక్ ఇయర్ పూర్తయ్యాక, రాకముందు ఊహించని కష్టం వచ్చిందని చూపిస్తే, తీవ్రమైన ఆర్థిక ఇబ్బంది కింద క్యాంపస్ బయట పనికి అనుమతి అడగొచ్చు. చదువు జరిగేటప్పుడు వారానికి 20 గంటల వరకు. ఇంట్లో పంట పోయిందా, నాయిన ఆస్పత్రి పాలయ్యాడా, కాగితాలు పెట్టు. మీ డీఎస్‌ఓని (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే ఆఫీసర్) కలిసి అడుగు, ఆమె సిఫారసు లేకుండా అది కదలదు. గ్యారంటీ లేదు, ఫీజు ఉంది, కానీ చట్టం ప్రకారం దారి. రెండోది, ఫీజు తక్కువ ఉన్న యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్. పేరు చిన్నదని సిగ్గుపడకు, ఊళ్లో ఎవడూ ర్యాంకు అడగడు. మూడోది నీకు నచ్చదు, ఒక సెమిస్టర్ ఆపి ఇంటికి పోయి ఉద్యోగం చేసి రావడం. అది కూడా డీఎస్‌ఓకి ముందే చెప్పి చేస్తేనే తిరిగి రావడానికి దారి ఉంటుంది. చెప్పకుండా క్లాసులు మానేశావో, అయిపోయినట్టే.

ఆ కన్సల్టెన్సీ ఆయన్ని ఒక్క మాట అడుగు, ఫారం చివర్లో తయారు చేసినవాళ్లు సంతకం పెట్టే చోటు ఉంటుంది, అక్కడ నీ పేరుతో సంతకం పెడతావా అన్నా అని.

దేవరకొండ నుంచి:

ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. ఆ సంతకం అక్కర్లేదు, నువ్వే నింపుకున్నట్టు పెట్టు అన్నాడు.

కొల్లాపూర్ నుంచి:

పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? వాడి దగ్గర ఖాళీ ఫారం మీద గానీ సంతకం పెట్టావా?

దేవరకొండ నుంచి:

పాస్‌పోర్టు నా దగ్గరే ఉంది, జిరాక్స్ ఇచ్చాను. సంతకం ఒక కాగితం మీద పెట్టానక్కా, అగ్రిమెంట్ అన్నాడు.

కొల్లాపూర్ నుంచి:

అయితే ఫోన్‌లో మాట్లాడకు. నా తరఫున ఏదీ ఫైల్ చేయొద్దు, నేను సంతకం పెట్టిన కాగితం కాపీ పంపండి అని ఈ రాత్రికే ఈమెయిల్ పెట్టు. కాపీ రాగానే పట్టుకుని మీ యూనివర్సిటీలో స్టూడెంట్ లీగల్ సర్వీసెస్ ఉంటే అక్కడికి పో. చాలా యూనివర్సిటీల్లో డబ్బులు తీసుకోరు. ఈమెయిల్ రాసేటప్పుడు ఇంగ్లీషు దగ్గర ఆగితే నాకు మెసేజ్ చెయ్, నేను చూసిపెడతాను.