అప్‌డేట్: నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో రూమ్ దొరికింది, రిజిస్ట్రేషన్‌తో సహా
పోయిన నెల అడిగాను కదా, ఇక్కడి వోర్‌హోఫ్ ఏరియాలో ఒక ఓనరు మూడు నెలల డిపాజిట్ కట్టమంటున్నాడు, పైగా ఆ అడ్రస్ మీద మునిసిపాలిటీలో రిజిస్టర్ అవ్వొద్దంటున్నాడు, తీసుకోవాలా వద్దా అని. వదిలేశానండీ. మీరు చెప్పింది కరెక్టే, రిజిస్టర్ కాకపోతే బీఎస్ఎన్ నంబర్ (ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు నంబర్) రాదు, అది లేకపోతే పార్ట్‌టైం జాబ్, ఇన్సూరెన్స్ అన్నీ ఇరుక్కుపోతాయి. డిపాజిట్ కూడా 2023 జులై నుంచి రాసుకున్న అగ్రిమెంట్లకి రెండు నెలల కాలే హ్యూర్ దాటకూడదు, అంటే కరెంటు, గ్యాస్ కలపని ఒట్టి అద్దె.

తర్వాత మూడు వారాలు ఫ్రెండ్ రూములో కింద పరుపేసుకుని పడుకుని, రోజూ పొద్దున్నే లేచి మెసేజ్‌లు పెడుతూనే ఉన్నా, ఒక్కోరోజు ఏడుపొచ్చేసేది, చివరికి పక్కనే బౌటెన్‌హోఫ్‌లో దొరికింది. చిన్న గదే, కానీ సైకిల్ మీద క్యాంపస్‌కి వెళ్లిపోవచ్చు. తాళాలు తీసుకునేరోజు కిటికీ కింద మూలన నల్లగా బూజు కనిపించింది, వేలు పెడితే అంటుకుంది, వెంటనే ఓనరమ్మ ముందే ఫోటో తీసి చెక్-ఇన్ పేపర్లో రాయించా, ఆవిడ ఏమీ అనుకోలేదు పాపం.

అద్దె ఎక్కువేమో అని ఇంకా డౌటుంది. మొదటి ఆరు నెలల్లో హ్యూర్‌కమిస్సీకి (అద్దె గొడవలు తేల్చే సంస్థ) వెళ్లొచ్చు కాబట్టి టేపుతో గది కొలిచి, ఎంత అద్దె ఉండొచ్చో తేల్చే పాయింట్లు లెక్కేస్తున్నా. మంగళవారం మునిసిపాలిటీలో అపాయింట్‌మెంట్. ఆరోజు ఓపిగ్గా జవాబులిచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.