షాక్ అబ్జార్బర్లలో నైట్రోజన్ ఇంట్లోనే నింపుకోవాలంటే ఏ రెగ్యులేటర్, ఏ నాజిల్ తీసుకోవాలి?

నా బండి షాక్ అబ్జార్బర్లకు నూనె, సీళ్లు నేనే మారుస్తాను. చివర్లో నైట్రోజన్ నింపడానికి మాత్రం బయటికి తీసుకెళ్లాల్సి వస్తోంది. ఆ పని కూడా ఇంట్లోనే చేసుకోవాలని ఉంది.

నిండు సిలిండర్‌లో ఒత్తిడి 150 బార్, కొన్నింట్లో అంతకంటే ఎక్కువే ఉంటుంది. నాకు కావలసింది 150 నుంచి 200 పీఎస్ఐ, అంటే 10 నుంచి 14 బార్. వెల్డింగ్ రెగ్యులేటర్లు చాలావరకు అంత ఇవ్వవు. 400 పీఎస్ఐ దాకా ఇచ్చే నైట్రోజన్ రెగ్యులేటర్ సరిపోతుందా?

అసలు చిక్కు నాజిల్ దగ్గర. షాక్‌లో గ్యాస్ ఉండే చోటు చాలా చిన్నది. నాజిల్ విప్పేటప్పుడు ‘స్స్’మని పోయే కాస్త గ్యాస్‌కే ఒత్తిడి బాగా పడిపోతుంది. సరిచూద్దామని గేజి తగిలిస్తే, దాని గొట్టంలోకి మరికొంత పోతుంది. వాల్వ్ పిన్ను ముందు మూసుకున్నాకే మర ఊడే రకం నాజిల్ వాడినవారు ఉంటే, అది నిజంగా నష్టం ఆపుతుందో లేదో దయచేసి చెప్పండి.

కంప్రెసర్ గాలి వద్దు, అందులో తేమ ఉంటుంది. ఆక్సిజన్ మాట అసలే వద్దు, నూనె తగిలితే పేలుతుంది. సిలిండర్‌ను గోడకు గొలుసుతో కట్టి, తలుపులు తెరిచే పని చేస్తాను. గొట్టానికి సేఫ్టీ వాల్వ్ కూడా పెట్టాలనుకుంటున్నాను. దాన్ని ఎంత ఒత్తిడికి తెరుచుకునేలా అమర్చాలి?