కొత్త దేశంలో మందు మానేవాళ్ల గ్రూపు ఎలా వెతుక్కోవాలి? మొదటిసారి వెళ్తే ఏం జరుగుతుంది?

రోజూ తాగేవాళ్లయితే గ్రూపు కంటే ముందు డాక్టర్ని కలవండి. పొద్దున లేవగానే చేతులు వణుకుతూ, ఒక గుక్క పడితేగానీ ఆగడం లేదంటే ఇంట్లో ఒంటరిగా ఒక్కసారిగా మానేయొద్దు. చివరిసారి తాగిన 6 నుంచి 8 గంటలకే వణుకు, చెమటలు మొదలవుతాయి. 48 గంటల లోపు ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు దాకా జ్వరం, అయోమయం వచ్చినా, లేని మనుషులు కనిపించినా అది ప్రాణం మీదికొచ్చినట్టే, వెంటనే అంబులెన్స్ పిలవండి. గ్రూపులో ఎంత మంచివాళ్లున్నా ఇది వాళ్ల చేతిలో లేని పని. డాక్టరు కొన్ని రోజులకు మాత్రలు రాసి, మెల్లగా తగ్గిస్తారు. బీ1 విటమిన్ కూడా ఇస్తారు. ఎంత తాగుతున్నారో సిగ్గుపడి తగ్గించి చెప్పకండి, మోతాదు ఆ లెక్క మీదే ఆధారపడుతుంది.

ఇక గ్రూపు. ఎక్కువ చోట్ల దొరికేది ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు. 1935లో అమెరికాలో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. ఫోన్‌లో 'మీటింగ్ గైడ్' అనే ఉచిత యాప్ వేసుకుంటే దగ్గర్లోని మీటింగులు రోజు, టైముతో చూపిస్తుంది. అందులో లేని దేశమైతే అక్కడి ఏఏ వెబ్‌సైట్ చూడండి. జాబితా ఒక్కోసారి పాతదై ఉంటుంది. తాళం వేసిన తలుపు చూసి వెనక్కి వచ్చినవాళ్లు మళ్లీ వెళ్లరు, అందుకే బయల్దేరే ముందు స్థానిక ఏఏ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి టైము, ఏ గుమ్మంలోంచి వెళ్లాలో అడగండి. చాలా మీటింగులు చర్చి బేస్‌మెంట్లలో జరుగుతాయి, ప్రధాన ద్వారం మూసే ఉంటుంది.

జాబితాలో 'ఓపెన్' అని ఉంటే ఎవరైనా రావచ్చు, మీ వెంట ఇంట్లోవాళ్లను తీసుకెళ్లొచ్చు. 'క్లోజ్డ్' అంటే తాగుడు మానాలనుకునేవాళ్లకే. మనవాళ్లెవరైనా చూస్తారేమోనని భయమైతే క్లోజ్డ్ మీటింగే నయం. అక్కడ మీకు తెలిసిన ముఖం కనిపించినా, ఆ మనిషీ మీలాగే వచ్చినట్టు.

పది నిమిషాలు ముందు వెళ్లి, తలుపు దగ్గర ఉన్నవాళ్లతో "ఇదే మొదటిసారి" అనండి చాలు. మామూలుగా గంటసేపు ఉంటుంది. "కొత్తవాళ్లెవరైనా ఉన్నారా" అని అడిగితే మొదటి పేరు చెప్తే సరిపోతుంది, అదీ ఇష్టముంటేనే. మాట్లాడే వంతు వస్తే "పాస్" అనొచ్చు. చందా బుట్ట తిరుగుతుంది, కొత్తవాళ్లు డబ్బులు వేయనక్కర్లేదు.

* * *

పైన చెప్పినదానికి తోడు కొన్ని. చర్చిలో జరుగుతోందంటే మతం మార్చే పని కాదు, గది అద్దెకు తీసుకున్నారంతే. చివర్లో ప్రార్థన ఉంటే ఊరికే నిలబడండి. దేవుడి మాట అసలు వద్దనుకుంటే 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ అనే వేరే గ్రూపు చూడండి. అక్కడ కాగితం మీద నాలుగు గళ్లు గీసి, తాగితే వచ్చే లాభం, నష్టం, మానితే వచ్చే లాభం, నష్టం రాయిస్తారు. మీటింగు నడిపే మనిషి శిక్షణ పొంది ఉంటారు.

ఏఏలో చాలా మీటింగుల్లో మీరు గుండె విప్పి చెప్పినా ఎవరూ జవాబివ్వరు, సలహా చెప్పరు. మనకు అది ముఖం తిప్పుకున్నట్టు అనిపిస్తుంది. అది అక్కడి పద్ధతి, ఒకరి మాటకు మరొకరు అడ్డురాకూడదని. మీటింగు అయ్యాక కుర్చీలు మడిచే వేళ పది నిమిషాలు ఆగండి, అసలు పలకరింపులు, ఫోన్ నంబర్లు అప్పుడే. చాలామంది కొత్తవాళ్లు సరిగ్గా ఆ పది నిమిషాల ముందే లేచి వచ్చేస్తారు.

ఏఏ హాజరు పట్టిక పెట్టదు, ఆఫీసుకో వీసా వాళ్లకో పోయే కాగితం ఏదీ పుట్టదు. అయితే అక్కడి గోప్యత మనుషులు ఇచ్చుకున్న మాట, లాయరుకు చెప్పినట్టు చట్టం కాపాడేది కాదు. కోర్టు కేసేదైనా ఉంటే దాని వివరాలు మీటింగులో చెప్పకండి.

స్పాన్సర్ అంటే చాలాకాలంగా మానేసి, మీకు ఏఏ వాళ్ల 12 మెట్లు, అంటే తాగుడు మానేందుకు ఒకదాని తర్వాత ఒకటి చేసే పనులు, దగ్గరుండి చెప్పే మనిషి. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు ఉండటం వాడుక. అప్పు అడిగినా, డాక్టరు ఇచ్చిన మాత్రలు ఆపేయమన్నా ఆ మనిషిని వదిలేయండి. సభ్యులు డాక్టరు పని చేయకూడదని ఏఏ తన పుస్తకాల్లోనే రాసింది.

ఒక్క మీటింగు చూసి తేల్చకండి. కనీసం మూడు వేర్వేరు గ్రూపులు, ఒక్కోదానికి రెండుసార్లు. మనుషులు మారితే గది మారిపోతుంది.

* * *

ఇంట్లో ఆడవాళ్లకు ఒక మాటమ్మా. తెలియకుండా కూరలో కలిపితే తాగుడు మానిపిస్తుందనే పొడులు, మాత్రలు తెప్పించకండి. వాటిలో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి డాక్టర్లు రాసే మాత్ర) ఉంటే, దాని మీద మద్యం పడితే బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ఆ మాత్ర మనిషికి తెలిసి, డాక్టరు చూస్తూ వాడేది. మీకోసం, అంటే తాగేవాళ్ల ఇంట్లోవాళ్ల కోసం, అల్-అనాన్ గ్రూపులు వేరే ఉన్నాయి, 1951 నుంచి నడుస్తున్నాయి. ఆయన మానినా మానకపోయినా, ఏ గ్రూపుకీ వెళ్లనన్నా మీరు వెళ్లొచ్చు. పిల్లల్ని వదిలి కదలలేకపోతే ఆన్‌లైన్ మీటింగులున్నాయి, కెమెరా ఆపేసి వినొచ్చు. చేరే ముందు స్క్రీన్ మీద కనిపించే పేరు మార్చుకోండి. చాలామందికి ఆఫీసు ఖాతాలో ఉన్న పూర్తి పేరే పడిపోతుంది.