‘లా యూన్’ అనే ఇంటి పేరుకి తెలుగు: కాకిగూడు అనాలా, మంచె అనాలా?

అందరికీ నమస్కారం. పాల్ సిన్యాక్ అనే ఫ్రెంచ్ చిత్రకారుడి మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ మూడు మాటల దగ్గర ఆగిపోయాను.

సిన్యాక్ (1863–1935) అంటే సోరా అనే మరో ఫ్రెంచ్ చిత్రకారుడితో కలిసి, చుక్కలు చుక్కలుగా రంగు పెట్టే పద్ధతిని నిలబెట్టినవాడు. ప్రకృతి దృశ్యాలు వేశాడు గానీ ప్రాణమంతా నీళ్ల మీదే. జీవితంలో ముప్పైకి పైగా పడవలు ఆయన చేతికి వచ్చాయి. 1892లో ‘ఒలింపియా’ అనే తన పడవలో ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని సెయింట్ ట్రోపే రేవు చేరాడు. కొన్నేళ్లకు అక్కడే ఇల్లు కొని ‘లా యూన్’ అని పేరు పెట్టుకున్నాడు. తెరచాప ఓడల్లో చాప కట్టే నిలువు కొయ్య మీద, ఎత్తున, మనిషి నిలబడడానికి వేసే చిన్న బల్లని ఫ్రెంచ్‌లో అలా అంటారు. నేను ‘కాకిగూడు’ అని రాశాను. అలాగే ఆయనకి ‘నౌకాయానం’ అంటే ఇష్టమనీ, ‘నౌకాశ్రయ దృశ్యాలు’ వేశాడనీ రాశాను. తప్పు కాదు, కానీ చదువుతుంటే ఉప్పుగాలి తగలడం లేదు. సాయం చేయండి.

*

కాకిగూడు వద్దండీ. అది ‘క్రోస్ నెస్ట్’ అనే ఇంగ్లీషు మాటకి తెలుగు. ఫ్రెంచ్ పేరులో కాకీ లేదు, గూడూ లేదు. మనకు చక్కగా మంచె ఉంది కదా! చేలో నాలుగు గుంజలు పాతి, పైన కర్రలు పరిచి, దాని మీద కూర్చుంటే నాలుగు దిక్కులూ కనబడతాయి. ఓడలో కొయ్యెక్కిన మనిషి పని కూడా అదే, దూరం చూడడం. ‘ఓడమంచె’ అనండి. చూడడమే వృత్తిగా బతికిన మనిషి ఇంటికి ఇంతకన్నా మంచి పేరు నాకు తోచడం లేదు.

*

మంచెకి నా ఓటు కూడా. నౌకాయానం మాత్రం తీసేయండి. అది ప్రయాణికుడి మాట. టికెట్ కొని ఓడెక్కి కూర్చున్నా నౌకాయానమే. ఈయన స్వయంగా చుక్కాని పట్టినవాడు. ఆ పనికి తెలుగులో ఒక్క నామవాచకం వెతికితే దొరకదు, క్రియలు వాడాలి: తెరచాప ఎత్తడం, దించడం, గాలి పట్టడం, లంగరు వేయడం.

‘గాలివాటం’ మీద ఒక మాట. ఇప్పుడు ఆ మాటని గురి లేకుండా కొట్టుకుపోవడానికే వాడుతున్నాం. పడవ నడిపేవాడికి మాత్రం అన్నిటికన్నా ముందు తెలియాల్సింది గాలివాటమే, అంటే గాలి ఎటు వీస్తోందన్నదే. గాలికి సూటిగా ఎదురు పోలేం. ఓసారి ఇటు, ఓసారి అటు ఏటవాలుగా తిప్పుకుంటూ మెలికల దారిలో పోవాలి. తిప్పిన ప్రతిసారీ తెరచాప ఒక పక్క నుంచి ఇంకో పక్కకి మారుతుంది, దాని మీద వెలుగు కూడా మారుతుంది. ఇది చేతులతో తెలిసిన మనిషి వేసిన తెరచాపలో గాలి ఎటు నుంచి వస్తోందో తెలుస్తుంది. అందుకే ‘గాలివాటం తెలిసిన చిత్రకారుడు’ అని రాస్తే బాగుంటుంది, పాత అర్థంలో.

*

తెరచాపలో ‘తెర’ అంటే అల అనుకోవచ్చా?

*

తెరకి అల అనే అర్థం ఉంది గానీ ఇక్కడ పరదా అనే అర్థమే కుదురుతుంది. కట్టి వేలాడదీసిన చాప. గుడ్డ రాకముందు చాపలే కట్టిన రోజుల్ని ఆ మాట ఇంకా మోస్తోంది.

ఇక నౌకాశ్రయం బదులు ‘రేవు’ అనండి. నౌకాశ్రయం ఓడల కోసం కట్టిన మాట, రేవు మనుషులు నీళ్లలోకి దిగే చోటు. స్నానాల రేవు, చాకిరేవు, పడవల రేవు అన్నీ అందులోనే ఉన్నాయి. సిన్యాక్ 1929లో మొదలుపెట్టి దాదాపు వంద ఫ్రెంచ్ రేవుల్ని నీటిరంగుల్లో వేశాడు. అప్పటికి ఆయనకి అరవై ఏళ్లు దాటాయి.

*

అందరికీ చాలా థాంక్సండీ. ఇలా మార్చాను: ‘ఆయనకి తెరచాప ఎత్తి సముద్రం మీదికి పోవడమంటే ప్రాణం. ఏ రేవులో లంగరు వేస్తే ఆ రేవును వేశాడు. ఇంటికి కూడా ఓడమంచె అనే పేరు పెట్టుకున్నాడు.’

చివరగా ఇంకొకటి. 1891లో ఫ్రాన్స్‌లోని కాంకార్నో రేవు దగ్గర వేసిన పడవల బొమ్మలకి ఆయన సంగీతం పేర్లు పెట్టాడు. ఒకదాని పేరు ‘సూర్యాస్తమయం. సార్డీన్ చేపల వేట. అడాజియో. ఓపస్ 221’. దూరంగా వరసగా చిన్న చిన్న పడవలు, వాటి మధ్య ఎడం కూడా పాటకి తాళం వేసినట్టే ఉంటుంది. అడాజియోని అలాగే ఉంచేయనా?

*

‘విలంబం’ అనండి. సంగీతం తెలిసినవాళ్లకి వెంటనే అందుతుంది, తెలియనివాళ్లకి కూడా నిదానమని అర్థమవుతుంది. ఓపస్‌ని, అంటే సంగీత రచనలకి వేసే వరస సంఖ్యని, మాత్రం కదపకండి.