బ్రిగ్గెన్‌ని రేవు అనొచ్చా, కోఠీ అనాలా?

అందరికీ నమస్కారం అండీ. మొన్న వేసవిలో అబ్బాయి దగ్గరికి నార్వే వెళ్ళినప్పుడు బెర్గెన్ చూసొచ్చాం, దాని గురించి రాస్తుంటే ఒక మాట దగ్గర బండి ఆగిపోయింది. హార్బర్ పక్కనే ఎరుపూ పసుపూ చెక్క ఇళ్ళు వరసగా నీళ్ళవైపు మొహం పెట్టి ఉంటాయి, ఫోటోల్లో చూసే ఉంటారు, 1979లో యునెస్కో జాబితాలో కూడా చేరాయి. ఆ వరస పేరు బ్రిగ్గెన్. ‘బ్రిగ్గె’ అంటే పడవ కట్టేసి సరుకు దించే చోటు, చివరి ‘ఎన్’ ఏమో ‘ఆ ఫలానా’ అని చెప్పడానికి. నేను శుభ్రంగా ‘రేవు’ అని రాశాను. మా ఆవిడ చదివి, రేవంటే స్నానాలు చేసేది కదండీ, మనం చూసింది ఇళ్ళు కదా అంది. ఏం రాయమంటారు?

— రేవే రైటండీ, అనుమానం దేనికి. మా వైపు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కుతాం, రాజమండ్రి కోటిలింగాల రేవులో మునుగుతాం, చాకిరేవు ఎలాగూ ఉంది. నీళ్ళలోకి దిగడానికి, పడవ ఆపడానికి వీలున్న చోటల్లా రేవే. ‘ఓడరేవు’ అని మాత్రం వద్దు, అది పోర్టు మొత్తానికి పోతుంది.

— అన్నా, రేవు అంటే ఆడ ఏం జరిగిందో తెల్వదు కదా. 1360 ప్రాంతంల హాన్సా అని ఉత్తర జర్మనీ పట్నాల వ్యాపారులు కలిసి ఆడ ఆఫీసు పెట్టిన్రు, కొంటోర్ అంటరు దాన్ని, 1754 దాంక నడిచింది. నార్వే ఉత్తరం దిక్కు నుంచి ఎండుచేప పడవల మీద దిగుతుండె, వీళ్ళు దానికి బదులు ధాన్యం తెచ్చిస్తుండె. ఉప్పు గూడ పెట్టకుండ చల్లగాలికి ఎండబెట్టిన కాడ్ చేప అది, కట్టె లెక్క గట్టిగుంటది, ఏండ్లు ఆగుతది. పరాయి దేశపోళ్ళు వచ్చి సరుకు, మనుషులు, లెక్కలు అన్నీ ఒక్క తాన పెట్టుకుంటే మనకాడ కోఠీ అన్నరు. నేనైతే కోఠీ అనే రాస్త.

— కోఠీ అంటే హైదరాబాద్‌లో పుస్తకాలు కొనుక్కునే సెంటర్ గుర్తొస్తుంది బ్రదర్ 😀 కానీ పాయింటు ఉంది. మా బందర్లో 1605లో డచ్చివాళ్ళు, 1611లో ఇంగ్లీషువాళ్ళు పెట్టినవీ ఆ బాపతే. ఇంకోటి, ‘బ్రిగ్గెన్ రేవు’ అంటే రేవు రేవు అయిపోతుందని ఎవరైనా పేచీ పెడితే పట్టించుకోకండి. బందర్ అనే పర్షియన్ మాటకి అర్థమే పోర్టు, అయినా మేం ‘బందరు పోర్టు’ అనే అంటాం, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

— (పోస్టు పెట్టింది నేనే) కోఠీ అంటే నాకు పెద్ద బంగళా, మెట్లు, స్తంభాలు కనపడుతున్నాయి, అక్కడ చూసింది పూర్తిగా వేరండీ. ఇళ్ళ మధ్య సందులు, కింద చెక్కే, అటూ ఇటూ గోడలూ చెక్కే, నడుస్తుంటే కిర్రుమంటూ ఉంటుంది, ఒక్కో ఇల్లు పక్కదాని మీదకి ఒరిగిపోయి ఉంది, పై అంతస్తులోకి మూటలు లాగడానికి దూలం బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. నిప్పు భయానికి ఆ ఇళ్ళల్లో పొయ్యి, దీపం ఏదీ వెలిగించనిచ్చేవాళ్ళు కాదట, చలి కాచుకోవాలన్నా వంట చేసుకోవాలన్నా వెనక విడిగా కట్టిన గదులకి పోవాల్సిందే, ఆ చలిలో! ఇంతా చేస్తే 1702లో మొత్తం తగలబడింది, మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టుకున్నారు.

— నేను నార్వేలోనే ఉంటానండీ. ముందు పలకడం గురించి, ఆ మొదటి అచ్చు మన ‘ఇ’ కాదు, పెదాలు ‘ఉ’కి పెట్టినట్టు పెట్టి ‘ఇ’ అనాలి, తెలుగులో రాయలేం, బ్రిగ్గెన్‌తో సర్దుకోవడమే. దీన్ని ‘తీస్కెబ్రిగ్గెన్’, అంటే జర్మన్ల బ్రిగ్గెన్ అనేవాళ్ళు, 1945లో యుద్ధం అయిపోయాక ఆ జర్మన్ ముక్క తీసేశారు. అంటే ఊళ్ళోవాళ్ళ నోట్లో మిగిలింది రేవే, వ్యాపారం కాదు. అందుకని నా ఓటు రేవుకే. భాష గ్రూపు కాబట్టి ఇదొకటి చెప్తా, 1955లో అక్కడ ఇంకోసారి నిప్పంటుకుంది, కాలిన చోట తవ్వితే రూన్ లిపి, అంటే అక్కడి పాతకాలపు అక్షరాలు, చెక్కిన పుల్లలు వందల్లో దొరికాయి. సరుకు మీద కట్టే పేరు చీటీలు, ప్రార్థనలు, ప్రేమ కబుర్లు అన్నీ ఉన్నాయి. ఒక పుల్ల మీద ‘నిన్ను ఇంటికి పొమ్మని గ్యూదా చెప్తోంది’ అని ఉంది, గ్యూదా అంటే ఆడవాళ్ళ పేరు. 😂

— ఆ పుల్ల మా ఇంటి వాట్సాప్‌లో రోజూ వస్తుంది.

— ‘రేవు వీధి’ అంటే ఎలా ఉంటుంది? ఇళ్ళూ వచ్చాయి, నీళ్ళూ వచ్చాయి.

— (పోస్టు పెట్టింది నేనే) భలే, అదే ఖాయం. మొదటిసారి ‘బ్రిగ్గెన్ అనే రేవు వీధి’, తర్వాత బ్రిగ్గెన్. కొంటోర్ వచ్చిన చోట మాత్రం కోఠీ అంటాను, తెలంగాణ తమ్ముడికి కోపం రాకుండా. పనిలో పని, ఫ్యోర్డ్‌ని ఉప్పుటేరు అనొచ్చా? అదీ ఉప్పు నీళ్ళే, కొండల మధ్యకి పాయలా వెళ్తుంది.

— వద్దండీ, ఉప్పుటేరు అంటే కొల్లేరు నుంచి సముద్రానికి పోయేదే ఎవరికైనా తడుతుంది. బెర్గెన్‌కి ఉత్తరాన ఉన్న సోగ్నె ఫ్యోర్డ్ 200 కిలోమీటర్లు పొడుగు, లోతు 1300 మీటర్లు, ఆ లోతుకి ఏరు అనే మాట చాలదు. మంచు నది కోసిన లోయలోకి సముద్రం వచ్చి నిండింది అని ఒక వాక్యం పెట్టి, ఫ్యోర్డ్ అనే ఉంచేయండి.